నొక్కమంటారా... వద్దంటారా?

‘అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అయిపోద్ది.’ టీ కొట్టు దగ్గర్నుంచి టెక్ పార్కు దాకా వినిపించే మాట ఇది. మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు, వేదవాక్కని నెత్తిన పెట్టుకోవడానికీ లేదు. మన ఫోన్ల గురించి మనం రోజూ చెప్పుకునే మాటల్లో నిజమెంత? వాటివల్ల మనకు జరుగుతున్న నష్టమెంత?

2025 ఆగస్టులో నాలుగైదు రోజులపాటు ఏ ఇంట్లో విన్నా ఒకటే గొడవ: ‘నా ఫోన్ మారిపోయింది. నేనేం నొక్కలేదు!’

పొద్దున్నే ఎవరికో కాల్ చేద్దామని తెరిస్తే అంకెలు ఉబ్బి ఉన్నాయి. బటన్లు గుండ్రంగా తిరిగాయి. ఇష్టమైనవాళ్ల పేర్లు ఒకచోట, వచ్చిన కాల్స్ ఇంకోచోట ఉండేవి కాస్తా ‘హోమ్’ అనే ఒకే పేజీలో పడ్డాయి. ఒకే మనిషి నాలుగుసార్లు చేస్తే ఇదివరకు ఒక్క వరసలో కనిపించేది, ఇప్పుడు నాలుగు వరసలైంది. అన్నిటికన్నా పెద్ద తిప్పలు ఫోన్ ఎత్తడం దగ్గర. మోగగానే వేలితో పైకి లాగడం అలవాటైనవాళ్లను పక్కకు లాగమంది. పైకి లాగీ లాగీ, అది ఎత్తక, అవతలివాళ్లు పెట్టేశాక ‘ఇక ఇది పోయినట్టే’ అని తేల్చేసుకున్న పెద్దవాళ్లు ఎందరో. మనవడు గెలికాడని వాణ్ణి తిట్టినవాళ్లున్నారు. ఎవరో హ్యాక్ చేశారని బ్యాంకు యాప్ పీకేసినవాళ్లూ ఉన్నారు.

జరిగింది ఇంతే. గూగుల్ తన ‘ఫోన్’ యాప్‌కు ‘మెటీరియల్ 3 ఎక్స్‌ప్రెసివ్’ అనే కొత్త వేషం వేసింది. మన మార్కెట్లో అమ్ముడయ్యే చాలా కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్ మాట్లాడేది ఆ యాప్‌తోనే. పైన పేరు ఏ కంపెనీదైనా లోపలి డయలర్ గూగుల్‌ది కాబట్టి అందరి ఫోన్లూ ఒకేసారి మారాయి. ప్లే స్టోర్లో ఆటో అప్‌డేట్ పెట్టి ఉంటే కొత్త యాప్ తనంతట తానే దిగిపోతుంది. దాని కొత్త ముఖం మనకు ఏ రోజు చూపించాలన్నది గూగుల్ తన సర్వర్ దగ్గర కూర్చుని నిర్ణయిస్తుంది. ఫోన్ యజమాని నొక్కాల్సిందేమీ లేదు. కంపెనీ లెక్కలో ఇది సేవ. కానీ రాత్రికి రాత్రి ఎవరో వచ్చి మన వంటింట్లో డబ్బాలన్నీ వాళ్లకు నచ్చినట్టు సర్దిపెట్టి పోతే, పొద్దున పోపు పెట్టబోయే మనిషికి అది సేవలా అనిపిస్తుందా?

శాంసంగ్ ఫోన్లలో డయలర్ వాళ్ల సొంతం. ఆ నాలుగు రోజులూ శాంసంగ్ వాడేవాళ్లు కాలరెగరేసి తిరిగారు. మిగతావాళ్లు యాప్ మీద వేలు నొక్కిపట్టి ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ కొడితే పాతది తిరిగొస్తుందన్న కిటుకు పట్టుకున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో అది గంటల్లో ఊళ్లు దాటింది. దానితోపాటు పాత నమ్మకం ఒకటి మళ్లీ గట్టిపడింది: అప్‌డేట్ అంటే కీడే.

‘నేనొచ్చేదాకా ఏదీ నొక్కకు’

ప్రతి తెలుగింటికీ ఓ ఫోన్ ఇన్‌ఛార్జి ఉంటారు. బెంగళూరులో ఉండే కూతురో, డాలస్‌లో ఉండే కొడుకో, అదీ కాకపోతే పక్కింటి ఇంటర్ కుర్రాడో. దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో మొట్టమొదట చెప్పే జాగ్రత్త: ‘అమ్మా, ఏదైనా అప్‌డేట్ అని వస్తే నొక్కకు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూస్తా.’ అమ్మ మాట మీద నిలబడే మనిషి. సంక్రాంతి దాకా నొక్కదు. కొడుకు వస్తాడు, అరిసెలు తింటాడు, చుట్టాలను చూస్తాడు, వెళ్లిపోతాడు. ఫోన్ సంగతి మళ్లీ వీడియో కాల్‌లోనే గుర్తొస్తుంది. మధ్యలో ఏడాది తిరుగుతుంది.

ఆ కొడుకే వస్తూ వస్తూ అమెరికాలో కొన్న ఐఫోన్ నాన్న చేతిలో పెడతాడు. అక్కడ మొదలవుతుంది ఇంకో కథ. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే లేదు. ఉన్నదంతా ఈసిమ్‌. తెనాలిలో నాన్న ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి ‘సిమ్ ఎక్కడ పెట్టాల్రా?’ అంటాడు. జియో, ఎయిర్‌టెల్ లాంటి మన కంపెనీలు ఈసిమ్ ఇస్తాయి కాబట్టి పని జరుగుతుంది. కానీ ఫోన్ కిందపడి స్క్రీన్ పగిలినరోజు సిమ్ పీకి పాత నోకియాలో వేసుకునే సౌఖ్యం పోయింది. ఇది పెద్దాయన ఛాదస్తమని నేననుకోను. ఒక వస్తువు చెడిపోయినప్పుడు ఏం చేయాలో ముందే ఆలోచించడం ఛాదస్తం ఎలా అవుతుంది?

అనుమానం ఊరికే పుట్టలేదు

‘కొత్త మోడల్ అమ్ముకోడానికి పాతదాన్ని కావాలనే స్లో చేస్తారండీ.’ ఈ మాట పదేళ్ల కిందట అంటే చదువుకున్నవాళ్లు నవ్వేవారు. 2017 డిసెంబరు తర్వాత ఆ నవ్వు తగ్గింది.

ఆ నెలలో గీక్‌బెంచ్ అనే వేగపరీక్ష సాఫ్ట్‌వేర్‌ను రూపొందించిన జాన్ పూల్ కొన్ని గ్రాఫులు బయటపెట్టాడు. ఒకే మోడల్ ఐఫోన్లు సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారగానే వేగంలో ముక్కలు ముక్కలుగా విడిపోతున్నాయని వాటిలో స్పష్టంగా కనిపించింది. కొద్దిరోజులకే యాపిల్ ఒప్పుకుంది. అవును, బ్యాటరీ ముసలిదైన ఫోన్లలో ప్రాసెసర్‌ను అదుపు చేస్తున్నామంది. కారణం కూడా చెప్పింది. పాతబడిన లిథియం బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు, ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలా ఆగకుండా 2017 జనవరిలో ఇచ్చిన ఐఓఎస్ 10.2.1 అప్‌డేట్‌లో ఈ ఏర్పాటు పెట్టారట.

చేసిన పనికి ఇంజినీరింగ్‌లో సమర్థన ఉంది. చెప్పకుండా చేయడానికి మాత్రం ఏ సమర్థనా లేదు. ఆ ముక్క తెలియని జనం ఏం చేశారు? ఫోన్ స్లో అయిందని కొత్తది కొన్నారు. బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొచ్చేదని వాళ్లకెవరూ చెప్పలేదు. యాపిల్ క్షమాపణ చెప్పి, అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడి ఖర్చును 29కి దించింది. వినియోగదారులకు విషయం చెప్పలేదన్న కారణంతో ఫ్రాన్స్ 2020 ఫిబ్రవరిలో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి కంపెనీ రాజీ కుదుర్చుకుంది. ఇటలీ అంతకుముందే, 2018 అక్టోబరులో, యాపిల్‌కు కోటి యూరోలు వడ్డించింది. ఆ తీర్పులో శాంసంగ్‌కూ 50 లక్షల యూరోలు పడ్డాయి. నోట్ 4 వాడేవాళ్ల చేత వాళ్ల ఫోన్ మోయలేని కొత్త సాఫ్ట్‌వేర్ వేయించారన్నది అభియోగం.

నిన్నమొన్నటి ఉదాహరణ కావాలంటే 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏకు ఇచ్చిన అప్‌డేట్ చూడండి. అది వేసుకున్న కొన్ని ఫోన్లలో బ్యాటరీ నిలిచే సమయం బాగా పడిపోయింది. కంపెనీయే పరిహారం పథకం పెట్టింది. ఆ జులైలో పిక్సెల్ 6ఏ వంతు. వేడెక్కే ప్రమాదం తగ్గించడానికి కొన్ని ఫోన్లలో బ్యాటరీ సామర్థ్యాన్నీ, ఛార్జింగ్ వేగాన్నీ తగ్గించే అప్‌డేట్ తప్పనిసరిగా పంపారు. ‘అప్‌డేట్ కొట్టాక ఛార్జింగ్ ఆగట్లేదు’ అనేవాళ్లను చూసి నవ్వేముందు ఇవన్నీ గుర్తుంచుకోవాలి.

అయితే ఇవన్నీ ప్రత్యేక సందర్భాలు. మామూలుగా పెద్ద అప్‌డేట్ పడ్డాక ఫోన్ ఒకటి రెండు రోజులు వేడెక్కుతుంది, నత్తనడక నడుస్తుంది. యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కు సరిపడా లోపల మళ్లీ సిద్ధం చేసుకుంటుంది, ఫొటోలను మళ్లీ వర్గీకరించుకుంటుంది. ఆ పని అయిపోతే తిరిగి కుదురుకుంటుంది. ఇక చవక ఫోన్ ఏళ్లు గడిచేకొద్దీ స్లో అవడానికి అసలు దోషులు వేరే. వాట్సాప్, ఫేస్‌బుక్, షాపింగ్ యాప్‌లు ఏటేటా బరువెక్కుతున్నాయి. స్టోరేజ్ నిండిపోయింది. నిండిన స్టోరేజ్‌లో చదవడం రాయడం నెమ్మదిస్తుంది. మన గుడ్ మార్నింగ్ బొమ్మల భారం ఎంతంటే, 2017 డిసెంబరులో గూగుల్ విడుదల చేసిన ఫైల్స్ గో యాప్‌లో అలాంటి బొమ్మలను ఏరి చెరిపేసే ఏర్పాటే పెట్టింది. ఇవన్నీ మెల్లగా, తేదీ లేకుండా జరుగుతాయి. అప్‌డేట్‌కు ఒక తేదీ ఉంటుంది, మనం నొక్కినట్టు గుర్తుంటుంది. నేరం దాని నెత్తిన పడుతుంది.

ఆకుపచ్చ గీత

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్లోనో, మీ ఊరి బస్టాండు పక్క రిపేరు షాపులోనో కాసేపు నిలబడండి. ‘బోర్డు పోయింది’, ‘కాంబో మార్చాలి’, ‘సాఫ్ట్‌వేర్ కొట్టాలి’ – ఈ మూడు తీర్పుల్లో ఒకటి తప్పక వినిపిస్తుంది. గత మూడు నాలుగేళ్లుగా నాలుగోది చేరింది: ‘గ్రీన్ లైన్.’

రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే పొద్దున స్క్రీన్ మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత. ఖరీదైన అమోలెడ్ ఫోన్లకే ఎక్కువగా వచ్చే జబ్బు. అప్‌డేట్ సాఫ్ట్‌వేర్, గీత హార్డ్‌వేర్, రెండిటికీ సంబంధమేంటని కంపెనీలు అడుగుతాయి. మెకానిక్‌ల దగ్గర దానికో జవాబుంది. అప్‌డేట్ ఎక్కేటప్పుడు ఫోన్ బాగా వేడెక్కుతుంది, అప్పటికే బలహీనపడ్డ డిస్‌ప్లే కనెక్షన్ ఆ వేడికి తెగుతుంది అంటారు వాళ్లు. వాళ్ల మాటే సరైనదని నేను తీర్పు చెప్పలేను. కానీ వన్‌ప్లస్ భారతదేశంలో ఈ గీతకు జీవితకాల ఉచిత డిస్‌ప్లే వారంటీ ప్రకటించిన సంగతి, శాంసంగ్ 2024లో కొన్ని పాత ఎస్ సిరీస్ మోడళ్లకు వారంటీ దాటినా ఉచితంగా స్క్రీన్ మార్చిన సంగతి తెలిసినవే. ఊరికే ఇవ్వరు కదా.

ఈ రాయితీల సంగతి చాలామంది కొనుగోలుదారులకు తెలియకుండానే పోయింది. తెలియక బయట షాపులో వేలకు వేలు పోసి డూప్లికేట్ డిస్‌ప్లే వేయించుకున్నారు. ఫోన్ మీద ఫిర్యాదుంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా అడగండి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఒక తెలుగు అక్షరం దెబ్బ

అప్‌డేట్ వద్దనేవాళ్లకు ఎదురుగా నిలబెట్టాల్సిన సాక్ష్యం మన లిపిలోంచే వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం ధాటికి కూలబడ్డాయి. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక పద్ధతిలో, మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరేలా టైపు చేసి పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ టపీమని మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే అక్షరం ఎదురై మళ్లీ మూత. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తం అల్లాడిపోయేది. హల్లు కింద హల్లు, దానికో గుణింతం, మధ్యలో ఆ దొంగ గుర్తు. ఆ లెక్క యాపిల్ అక్షరాలు కూర్చే ప్రోగ్రాముకు తెగలేదు. కుర్రాళ్లు సరదాకి స్నేహితుల ఫోన్ల మీద ప్రయోగించారు.

మందు ఏమిటి? ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ‘అప్‌డేట్ జోలికి పోను’ అని భీష్మించుకున్నవాళ్లు ఎవడైనా ఆ అక్షరం పంపుతాడేమోనని బిక్కుబిక్కుమంటూ గడిపారు. అసలు ఆండ్రాయిడ్‌లో మెనూలు, సెట్టింగులు తెలుగులో కనిపించడం కూడా 2014 నాటి 5.0 లాలీపాప్ వెర్షన్‌తోనే వచ్చింది. అంతకుముందు తెలుగు మెసేజ్ వస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించిన ఫోన్లు మనలో చాలామందికి గుర్తే.

చవక ఫోన్ లోపలి బేరం

ఇక అసలు చికాకు దగ్గరికి వద్దాం. ఫైల్ మేనేజర్ తెరిస్తే ప్రకటన. సెట్టింగుల్లో ప్రకటన. తాళం వేసిన స్క్రీన్ మీద సినిమా తారల కబుర్లు. కొన్నప్పుడు లేని ఆటల యాప్ ఒకటి అప్‌డేట్ తర్వాత ప్రత్యక్షం. పోయినసారి వెతికి వెతికి ఆపిన ‘రికమెండేషన్లు’ మళ్లీ మొదలయ్యాయన్న ఫిర్యాదు. జనం అప్‌డేట్‌ను తిట్టేది నిజానికి వీటి కోసమే.

దీని వెనక లెక్క దాచిందేమీ కాదు. 2018 ఏప్రిల్‌లో షియోమీ అధినేత లెయ్ జున్ బహిరంగంగానే మాటిచ్చాడు: మా హార్డ్‌వేర్ అమ్మకాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వం అని. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది. మరి కంపెనీ దేని మీద బతకాలి? ప్రకటనలు, యాప్‌లు, ఆన్‌లైన్ సేవలు. ఆ లెక్కలో ఫోన్ అమ్మడంతో బేరం ముగియదు, అక్కడ మొదలవుతుంది. ఈ షియోమీయే 2015 ఆగస్టులో శ్రీసిటీలో తయారైన తన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో ఆవిష్కరించింది. తక్కువ ధరకు మంచి ఫోన్ చేతికి రావడం వల్ల మన పల్లెల్లో ఎంతమంది మొదటిసారి ఇంటర్నెట్ చూశారో తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ కంపెనీలను ఉత్తినే దుమ్మెత్తిపోయను. ప్రకటనలతో ఫోన్ రెండు వేలు తక్కువకు వస్తే చాలనుకునేవాళ్లు ఉంటారు. నాకున్న అభ్యంతరం వేరు. ఆ బేరం పెట్టె మీద రాసి ఉండదు. ప్రకటనలు ఆపే మీటను సెట్టింగుల్లో ఆరు తలుపుల వెనక పెడతారు.

తీసేయడానికి వీల్లేని యాప్‌ల గొడవా ఇదే కుటుంబం. ఆండ్రాయిడ్ మీద పెత్తనాన్ని దుర్వినియోగం చేసిందంటూ 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఫోన్ తయారీదారుల చేత తన యాప్‌లన్నీ గుత్తగా పెట్టించడం ఆ కేసులో ఒక ముఖ్యాంశం. ప్రైవేటు కంపెనీలేనా అంటే, 2025 చివర్లో ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టాలని కేంద్ర టెలికాం శాఖ ఆదేశించింది. గగ్గోలు రేగాక డిసెంబరు 3న ఆ తప్పనిసరిని ఎత్తేసింది. యాప్ మంచిదే కావచ్చు. నా ఫోన్‌లో ఏముండాలో నన్నడగాలి కదా అన్నదే సామాన్యుడి వాదన, అది గట్టి వాదన.

కట్టలు కట్టలుగా నమ్మకాలు

మధ్యలో కొన్ని చిన్న తీర్పులు చకచకా చెప్పేసుకుందాం.

వాడిన యాప్‌లన్నిటినీ పైకి విసిరి మూసేస్తే బ్యాటరీ ఆదా అవుతుందన్నది బలమైన నమ్మకం. కొందరు గంటకోసారి పూజలా చేస్తారు. 2016లో ఒక వినియోగదారుడు దీని గురించే రాస్తే యాపిల్‌లో సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరీగీ అవసరం లేదని జవాబిచ్చాడు. ఆ రోజుల్లోనే ఆండ్రాయిడ్ పెద్ద హిరోషి లాక్‌హైమర్ కూడా అదే అన్నాడు. మూసిన యాప్‌ను మళ్లీ మొదట్నుంచి లేపడానికే కరెంటు ఎక్కువ పడుతుంది. ఇరుక్కుపోయిన యాప్‌ను మూయండి, మిగతావాటిని వాటి మానాన వదిలేయండి.

200 మెగాపిక్సెల్ అంటే 50 కన్నా నాలుగు రెట్లు మంచి ఫొటో అనుకుంటాం. మామూలుగా తీస్తే ఆ కెమెరా పదహారు చుక్కలను ఒక్కటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. ‘8+8 ర్యామ్’ అన్న ప్రకటనలో రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది. రాత్రంతా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పేలదు, నిండాక ఫోనే ఆపుతుంది. దిండు కింద పెట్టి వేడెక్కించడమే అసలు ప్రమాదం.

‘ఫోన్ మన మాటలు వింటోంది, చీర గురించి మాట్లాడితే చీరల ప్రకటన వచ్చింది.’ దీన్ని నమ్మనివాళ్లు తక్కువ. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. రహస్యంగా మైకు తెరిచి మాటలు పంపుతున్నట్టు ఆధారం దొరకలేదు. దొరికింది ఇంకొకటి. కొన్ని యాప్‌లు మన స్క్రీన్‌ను రికార్డు చేసి బయటికి పంపుతున్నాయి. మనం వెతికినవి, చూసినవి, తిరిగిన చోట్లు, పక్కనున్నవాళ్లు వెతికినవి కలిపితే చీర సంగతి పట్టుకోవడానికి మైకుతో పనిలేదు. ఇక్కడా అప్‌డేట్ ఒక మేలు చేసింది. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా మైకు వాడుతుంటే స్క్రీన్ పైన చిన్న చుక్క వెలుగుతుంది.

కాల్ రికార్డింగ్ గొడవ చెప్పకపోతే ఈ జాబితా అసంపూర్ణం. గూగుల్ డయలర్‌లో రికార్డింగ్ నొక్కగానే అవతలివాళ్లకు ఆ సంగతి వినిపిస్తుంది. 2022 మేలో ప్లే స్టోర్ నిబంధన మార్చి వేరే యాప్‌ల దారి కూడా మూశారు. రియల్ ఎస్టేట్ బ్రోకర్ల నుంచి ఫైనాన్స్ వ్యాపారుల దాకా దీనికోసమే ఫోన్ బ్రాండు మార్చినవాళ్లున్నారు. అవతలి మనిషికి చెప్పకుండా రికార్డు చేయడం హక్కని నేననుకోను. ఈ ఒక్కదాంట్లో కంపెనీ పక్షాన నిలబడతాను.

ఖరీదు కట్టే చోటు

2015 జులైలో ‘స్టేజ్‌ఫ్రైట్’ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్ పంపితే చాలు, దాన్ని తెరవకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడొచ్చు. బయటపెట్టిన సంస్థ అంచనా ప్రకారం 95 కోట్ల ఫోన్లకు ఆ ముప్పు ఉంది. ఆ భయంతోనే గూగుల్ ఆ ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి ఫోన్‌లో మహా ఉంటే ఫొటోలు, నంబర్లు ఉండేవి. 2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర్నుంచి కాలేజీ ఫీజు దాకా ఫోన్లోంచే పోతోంది.

వాట్సాప్‌లో ‘పెళ్లి శుభలేఖ’ అనో, ‘ట్రాఫిక్ చలానా’ అనో, ‘పీఎం కిసాన్’ అనో వచ్చే ఏపీకే (యాప్ ఇన్‌స్టాలేషన్) ఫైళ్ల గురించి పోలీసులు చెబుతూనే ఉన్నారు. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే అది ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీలు దాటిస్తుంది, అవసరమైతే ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడిగి ఫోన్‌నే నడుపుతుంది. మనం చేజేతులా ఎక్కించుకున్న దొంగను ఏ అప్‌డేటూ పూర్తిగా ఆపదు. అది ఒప్పుకోవాలి. కానీ 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయట దారిన వచ్చిన యాప్‌కు ఆ యాక్సెసిబిలిటీ అనుమతి ఒక్క నొక్కుతో దక్కదు, అడ్డం ఒకటి పెట్టారు. పాత వెర్షన్‌లో ఉన్న ఫోన్‌కు ఆ అడ్డం లేదు. ‘నొక్కకు’ అని కొడుకు చెప్పిన మాటను అమ్మ అప్‌డేట్ దగ్గర పాటించింది. శుభలేఖ దగ్గర ఆమెకు అది గుర్తు రాలేదు, ఎందుకంటే దాని మీద ‘అప్‌డేట్’ అని రాసి లేదు. (డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.)

నా గొడవంతా ఇక్కడే. సెక్యూరిటీ ప్యాచ్, కొత్త హంగులు, ప్రకటనల సరంజామా – ఈ మూడింటినీ ఒకే బటన్ వెనక కట్టి పంపుతున్నారు. మొదటిది అత్యవసరం. రెండోది ఇష్టం. మూడోది ఎవరికీ అక్కర్లేదు. మూడోదాని మీద కోపంతో జనం మొదటిదాన్ని కూడా వదులుకుంటున్నారు. విడదీయడం సాధ్యం కాదా అంటే, 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ‘ప్రాజెక్ట్ ట్రెబుల్’ నుంచి, ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ‘మెయిన్‌లైన్’ నుంచి గూగుల్ కొంతవరకు విడదీస్తూనే ఉంది. కొన్ని భద్రతా సవరణలు ప్లే స్టోర్ దారిలో నేరుగా వస్తున్నాయి. తక్కినవి మాత్రం గూగుల్ నుంచి చిప్ తయారీదారుకు, అక్కడి నుంచి ఫోన్ కంపెనీకి చేరి, వాళ్లకు తీరిక దొరికాక మనదాకా రావాలి. పదివేల ఫోన్ విషయంలో ఆ తీరిక దొరకడం అరుదు.

ఎన్నేళ్లు?

షోరూమ్‌లో మనం అడిగే ప్రశ్నలు తెలిసినవే. కెమెరా ఎంత, ర్యామ్ ఎంత, ఛార్జర్ ఇస్తారా, ఈఎంఐ ఉందా. అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారని అడిగితే అమ్మే కుర్రాడు ఓసారి మొహంలోకి చూస్తాడు. కానీ ఈ జవాబులో తేడాలు పెద్దవి. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో ఎస్24కు శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి. అంత ఖరీదు పెట్టలేనివాళ్లకు కూడా దారి ఉంది. ఇరవై వేల లోపు ధరలో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి శాంసంగ్ ఆరేళ్లు మాటిచ్చింది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు యాపిల్ 2023 జనవరిలో కూడా ఒక భద్రతా సవరణ పంపింది. జరిమానా కట్టిన కంపెనీయే ఈ పని కూడా చేసింది. ఇరవై వేల లోపు ధరలోనే ఉండే కొన్ని బ్రాండ్ల ఫోన్లకు మాత్రం రెండేళ్లు తిరక్కుండానే సరఫరా ఆగిపోతుంది, యాప్‌లు ఒక్కొక్కటే మొహం చాటేస్తాయి. వాట్సాప్ 2025 మే నుంచి ఐఓఎస్ 15.1 కన్నా పాతవాటిలో నడవడం మానేసింది. ఐఫోన్ 6 అక్కడితో ఆగింది.

కంపెనీల మంచితనానికి వదిలేయకుండా యూరోపియన్ యూనియన్ దీన్ని చట్టంలోకి తెచ్చింది. 2025 జూన్ 20 నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్‌కు, ఆ మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. ఆ నిబంధన రాసిన తీరులో సందు ఉందని వాదించే కంపెనీలూ ఉన్నాయి, అది వేరే సంగతి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. విడిభాగాలు అమ్మకం ఆగాక ఏడేళ్లు దొరకాలి. పెట్టె మీద ఫ్రిజ్‌కు అంటించినట్టే ఒక లేబుల్ ఉంటుంది. ఒక ఛార్జికి ఎన్ని గంటలు, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరుకు ఎంత సులువు – అన్నీ అక్షరం గ్రేడుల్లో, అంకెల్లో. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. పెట్టె మీద రిపేరు గ్రేడు ముద్రించే రోజు ఇంకా రాలేదు.

ఈలోపు చేయగలిగింది ఒకటుంది. ఇక్కడ అమ్మే మోడళ్లలో చాలావరకు యూరప్‌లోనూ అమ్ముతారు. ఆ లేబుల్ వివరాలు ‘ఎప్రెల్’ అనే వాళ్ల ప్రభుత్వ డేటాబేస్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కొనబోయే ఫోన్ మోడల్ నంబరు అక్కడ కొట్టి చూడండి. రిపేరు గ్రేడు ‘డి’ అనో ‘ఇ’ అనో కనిపిస్తే, షోరూమ్ కుర్రాడికి ఆ స్క్రీన్ చూపించి ధర ఎంత తగ్గిస్తావని అడగండి.